వండదోయి: ఒక పొయ్యి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఉద్యోగ విరమణ తరువాత మా బాబాయికి రెండు వ్యసనాలు పట్టుకున్నాయి. ఒకటి ఆటవెలది, రెండోది మరమ్మతు. విడివిడిగా అయితే దేన్నయినా భరించవచ్చు. మొన్న సంక్రాంతికి ఆ రెండూ మా పిన్ని వంటింట్లో కలుసుకున్నాయి. రెండు బర్నర్ల స్టీలు గ్యాసు పొయ్యి అది, వాళ్ల పెళ్లినాటిది. ఎడమ బర్నరు పసుపుపచ్చగా మండుతోందనీ, గిన్నెల అడుగులు మసిబారుతున్నాయనీ, ఇక కొత్తది కొనండనీ పిన్ని అడిగింది. బాబాయి కళ్లజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఈ క్రింది పద్యం చదివాడు. చదివి నావైపు తిరిగి, "ఒరేయ్, నువ్వు భాష చదువుకున్నవాడివి, దీనికో వ్యాఖ్య రాయరా" అన్నాడు. పెద్దల ఆజ్ఞ.

మూలము

పాత పొయ్యి తీసి పారవేయగ నేల
తీగ చుట్టి రేకు తీర్చి పెట్టి
చెప్పు ముక్క కోసి చేర్చి కాలికి వేయ
వండదోయి మనకు వందయేండ్లు

వ్యాఖ్య

మన మెతుకుసీమ వాడు, కొల్చారం వాడు మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ వ్యాఖ్యకు దిగాడు. ఆయన ముందర కాళిదాసు ఉన్నాడు కనుక ఆ ఒట్టు చెల్లింది. నా ముందర బాబాయి ఉన్నాడు.

పాత, పొయ్యి, తీసి: ఈ మూడూ సులభములు. వదిలేశాను.

తీగ చుట్టి: మేస్త్రీలు ఇనప ఊచలు కట్టే తీగ. గిన్నె ఆనే స్టాండుకు నాలుగు కొమ్ములుండగా ఒకటి విరిగినందున ఆ స్థానంలో చుట్టబడినది. మంట తగలగానే ఇది ఎర్రబడి, మెత్తబడి, వినయంగా వంగును. అప్పుడు పప్పు గిన్నె కుడికి ఒరిగి, సగం పప్పు ఉడికి సగం పలుకుగా మిగులును. రేకు: నూనె డబ్బాను కోసి బర్నరు కింద పరిచినది. కంపెనీ పేరులో చివరి రెండక్షరాలు ఇంకా కనబడుచున్నవి.

చెప్పు ముక్క: పొయ్యికి రబ్బరు కాలొకటి ఊడిపోగా హవాయి చెప్పు కోసి అమర్చెను. కాలికి చెప్పు అనుటలో శ్లేష. ఈ శ్లేషను బాబాయి నాకు మూడుసార్లు విప్పి చెప్పాడు. చెప్పులతో వంటింటి గడప తొక్కరాదని ఆ ఇంట్లో నియమం పెట్టినవాడు కూడా ఆయనే.

ఇక పద్యంలో లేనిదీ, పొయ్యిలో ఉన్నదీ ఒకటుంది: పిన్నీసు. పిన్ని + ఈసు, ఇకారసంధి. పిన్ని యొక్క ఈసు, షష్ఠీ తత్పురుషం. ఈ వ్యుత్పత్తి నిఘంటువుల్లో లేదు, వంటింట్లో ఉంది. బర్నరుకు గ్యాసు అందించే ఇత్తడి ముక్కను జెట్టు అంటారు. దానికి వెంట్రుకవాసి రంధ్రం. అందులోంచి గ్యాసు దూకే వేగానికి పక్కనున్న గాలి కూడా గొట్టంలోకి లాగబడుతుంది. రెండూ సరైన పాళ్లలో కలిస్తే మంట నీలంగా ఉంటుంది. బాబాయి ఆ రంధ్రాన్ని నెలకోసారి పిన్నీసుతో కెలుకుతాడు. ఇత్తడి మెత్తన, పిన్నీసు ఉక్కు. ఏళ్ల తరబడి కెలికితే రంధ్రం పెద్దదై గ్యాసు ఎక్కువ వచ్చి గాలి చాలదు. చాలకపోతే మంట పసుపు, గిన్నెకు మసి. ఆ మసి తోమేది ఎవరన్నది వ్యాకరణ విషయం, కింద వస్తుంది.

ప్రతినిధి విచారము

ఒకటి పోయినచోట ఇంకొకటి పెట్టడం గురించి మనవాళ్లు ఆలోచించినంతగా ఏ మెకానిక్కూ ఆలోచించలేదు. వ్యాకర్తలకు ఆగమం మిత్రుడు, వచ్చి పక్కన కూర్చుంటాడు. ఆదేశం శత్రువు, ఉన్నవాణ్ని లేపేసి ఆ పీట మీదే కూర్చుంటాడు. మీమాంసకులు ఇంకా లోతుకు వెళ్లారు. జైమిని సూత్రాల్లో ఆరో అధ్యాయం తెరిస్తే స్పేర్ పార్టుల శాస్త్రమంతా అక్కడే ఉంది. యజ్ఞానికి వడ్లు కావాలి, దొరకలేదు. మానేద్దామా? వద్దు, నివ్వరి తెచ్చుకో. సోమలత లేదా? పూతీకం పిండుకో. అయితే చేతికందిందల్లా ప్రతినిధి కాదు. పోయినదానికి దగ్గర పోలిక ఉండాలి. నాకు ప్రాణమైన నియమం ఆ తరువాతిది: తెచ్చిన ప్రతినిధి కూడా చెడిపోతే, ఈసారి దాని పోలిక వెతకకూడదు, మళ్లీ మొదటి వస్తువు పోలికే వెతకాలి. ఎంత ముందుచూపు! లేకపోతే ఒక్కొక్క మెట్టూ దిగుతూ వడ్ల నుంచి గడ్డి దాకా వెళ్లిపోతాం.

బాబాయి సరిగ్గా ఆ మెట్లే దిగాడు. అసలు స్టాండు పోయింది, వేరే కంపెనీది తెచ్చి ఆకురాయితో అరగదీసి కూర్చోబెట్టాడు. దాని కొమ్ము విరిగింది, కొమ్ము పోలికగా ఊచ పెట్టాడు. ఊచ ఊడింది, ఊచ పోలికగా తీగ. నేను చూస్తుండగా తీగ తెగితే ఆయన చూపు పురికొస ఉండ మీదికి వెళ్లింది.

ఈ బుద్ధి మనకు పూజగదిలో అబ్బి ఉంటుందని నా అనుమానం. వస్త్రం లేదా, అక్షతలు వెయ్యి. ఆభరణం లేదా, అక్షతలు వెయ్యి. దేవుడు ఏనాడూ అడగలేదు. పొయ్యి అడుగుతుంది.

అన్నట్టు జైమిని ఒక గీత కూడా గీశాడు. కొన్నిటికి ప్రతినిధి లేనే లేదు: దేవతకు, మంత్రానికి, అగ్నికి. పనిచేసే ఋత్విక్కు పోతే ఇంకొకణ్ని తెచ్చుకోవచ్చు, యజమానికి మాత్రం వేరొకరు చెల్లరు. ఇక్కడ అగ్ని పసుపుపచ్చగా ఉంది. యజమాని ఎవరో చూద్దాం.

కర్తృపద విచారము

చుట్టేవాడు, తీర్చేవాడు, కోసేవాడు: అన్నిటికీ కర్త బాబాయి. నాలుగో పాదంలో వండడానికి కర్త పొయ్యి! గంగలో పల్లె అన్నట్టు ఇది లక్షణ అని సర్దుకోవాలి. వాచ్యార్థంలో రోజుకు మూడుసార్లు ఆ గట్టు దగ్గర నిలబడేది పిన్ని. పద్యమంతటా ఆమెకు ఒక్క విభక్తి కూడా లేదు. పైగా ఓయి అన్నది మగవాణ్ని పిలిచే పిలుపు. అడిగింది పిన్ని, జవాబు నాకు! యతి కోసమని బాబాయి తప్పించుకోలేడు. యతి వకారానికే ఉంది, అది చక్కగా కుదిరింది.

ఆయనకూ న్యాయం చెయ్యాలి. ఆ స్టాండు కోసం, జెట్టు కోసం ఆయన బజారులో ఐదు దుకాణాలు తిరిగాడు. అయిదింట్లోనూ ఒకటే మాట: "ఆ మోడల్ ఆగిపోయిందండీ." ఆ వెంటనే గాజుపలక పొయ్యి చూపించారు. ప్రతి కంపెనీదీ ఒక సొంత ఛందస్సు. ఒకరి పాదం ఇంకొకరి పద్యంలో ఇమడదు. అరచేతిలో పట్టే ఇత్తడి ముక్క దొరక్క ముప్ఫయ్యేళ్లు నిలిచిన పొయ్యిని పాత సామాన్లకు వెయ్యమనడం అన్యాయమే. ఈ కోపం ఆయనతో పాటు నాకూ ఉంది. కానీ ఆ కోపం కంపెనీ మీద చూపించలేక మసి రూపంలో పిన్ని మీద చూపిస్తే ఎలా?

టీకాకారుడి గొంతు కాసేపు పక్కన పెడతాను. వ్యాఖ్య కోసం పొయ్యి వెనక్కి వంగి చూస్తే గ్యాసు గొట్టం రెగ్యులేటరు దగ్గర బీటలు వారి ఉంది, దాని మీద నల్ల టేపు నాలుగు చుట్లు. గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చమని గ్యాసు కంపెనీలే చెబుతాయి. రెండు కిలోల కందిపప్పు ఖరీదు కూడా చెయ్యదది. ఆ ఊళ్లో అడిగిన ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది, దాని మోడల్ ఆగలేదు. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. నీళ్లలో సబ్బు కలిపి టేపు మీద రాశాను. బుడగలు వచ్చాయి.

పాఠాంతరము

తాటాకుల మీద ప్రశ్నార్థకం ఉండదు. కనుక వండదోయి అన్నచోట వండకపోతుందా అనే ప్రశ్న కవి కంఠస్వరంలోనే ఉండాలి. ఆలంకారికులు దాన్ని కాకువు అన్నారు. స్వరం తీసేస్తే మిగిలేది వండదు + ఓయి. బుడగలు చూసిన పిన్ని రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు బార్లా తెరిచి, ఆ పదాన్ని ఏ కాకువూ లేకుండా ఒకసారి పైకి చదివింది.

ఆ పూట కూరలు కర్రీ పాయింటు నుంచి వచ్చాయి. అన్నం కరెంటు కుక్కరులో. వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని బాబాయి, ముద్ద చేతిలో పట్టుకుని, రెండో ఆటవెలదికి యతి వెతుకుతున్నాడు.