మంచుఖండ దర్శన విధి

అంటార్కిటికా యాత్రకు సంకల్పించిన వ్యక్తికి డబ్బుకంటే ముందు కావలసింది తొందర, ఎందుకంటే హిమానీనదాలు, అంటే తరతరాలుగా పేరుకుపోయి తమ బరువుకు తామే మెల్లగా సముద్రంవైపు జారే మంచు ప్రవాహాలు, తరిగిపోకముందే కళ్లారా చూడాలన్న ఆత్రుతమీదనే ఈ వ్యాపారం చాలావరకు నిలబడి ఉంది. పర్యాటకాన్ని అధ్యయనం చేసేవారు దీనిని 'చివరి అవకాశపు పర్యాటకం' అని వ్యవహరిస్తారు. కడసారి చూపుకోసం పరుగెత్తుకొచ్చే బంధువుతో ఈ యాత్రికుడికి పోలిక బాగానే కుదురుతుంది గాని, బంధువు రాకవల్ల రోగి పరిస్థితి విషమించదు.

ఏకాంతాన్ని కోరేవారు దక్షిణార్ధగోళపు వేసవిలో, అంటే నవంబరుకూ మార్చికీ మధ్య, అందరితోపాటు బయలుదేరాలి. లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ 1966లో మామూలు యాత్రికులను అక్కడికి నడిపించి బాట వేసిన తరువాత, 1992–93 నాటికి ఏటా సుమారు 6,700గా ఉన్న సందర్శకుల సంఖ్య 2023–24లో 1,20,000 దాటింది. వారిలో సుమారు మూడోవంతు మంది నేలమీద కాలు మోపకుండా ఓడ మీదనుంచే దర్శనం ముగించుకున్నారు. ఖండం వైశాల్యం భారతదేశానికి నాలుగు రెట్లకు పైగా ఉన్నప్పటికీ, ఓడల్లో అత్యధికం దక్షిణ అమెరికావైపు పొడుచుకొచ్చిన ద్వీపకల్పానికే, అందులోనూ పేరుపడిన కొద్ది రేవులకే చేరుకుంటాయి. అయినా ఒక ఓడవారికి మరొక ఓడ కనబడకుండా ఉండేందుకు యాత్రా సంస్థలు ఏ గంటకు ఎవరు ఎక్కడ దిగాలో ముందుగానే పంచుకుంటాయి కనుక, 'మనిషి జాడలేని' ఛాయాచిత్రం ప్రతివారికీ లభిస్తుంది. ఆ నిర్మానుష్యత టైంటేబుల్ ప్రకారం సరఫరా అయ్యే సరుకని యాత్రికుడు గ్రహించినా, ఫొటో కింద రాయకపోవడం మర్యాద.

అర్జెంటీనాలోని ఉషువాయా రేవునుంచి డ్రేక్ జలసంధిని దాటడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల వాంతులను తపస్సుగా భావించాలి, భావించలేనివారు ఇంకొంత చెల్లించి చిలీలోని పుంటా అరెనాస్ నుంచి విమానంలో కింగ్ జార్జ్ దీవికి చేరవచ్చు.

దిగేముందు శుద్ధి కార్యక్రమం ఉంటుంది. బూట్లను మందునీళ్లలో ముంచి, జేబులనూ వెల్క్రో పట్టీలనూ వాక్యూమ్ క్లీనరుతో శుభ్రం చేయడానికి కారణం, 'పోవా ఆన్యువా' అనే మామూలు గడ్డి ఇతర ఖండాలనుంచి మనుషుల వెంట వచ్చి అక్కడ ఇప్పటికే వేళ్లూనడమే. పెంగ్విన్‌కు కనీసం 5 మీటర్ల దూరం పాటించాలి. ఈ నియమం తెలియని పెంగ్విన్ తానే దగ్గరికొస్తే యాత్రికుడే వెనక్కి తగ్గాలి. వలసపక్షుల ద్వారా వ్యాపించిన బర్డ్ ఫ్లూ 2024 ఫిబ్రవరిలో ఖండపు ప్రధాన భూభాగంలోనూ నిర్ధారణ కావడంతో జాగ్రత్తలు మరింత బిగిశాయి. నేలమీద కూర్చోవడం, మోకరిల్లడం కూడా కూడదు కనుక, ప్రకృతి ముందు సాగిలపడాలన్న భక్తి కలిగినవారు నిలబడే ఆ పని కానివ్వాలి. 1944లో బ్రిటన్ యుద్ధకాలపు రహస్య స్థావరంగా నెలకొల్పిన పోర్ట్ లాక్రాయ్ ఇప్పుడు మ్యూజియం, తపాలా కార్యాలయం, బహుమతుల దుకాణం కూడా అయినందువల్ల, జెంటూ పెంగ్విన్ల కాపురాల నడుమ క్యూలో నిలిచి బంధుమిత్రులకు కార్డు రాయడం యాత్రలో తప్పనిసరి అంగం.

ఇక అంతరాత్మ విషయం. యాత్రికుడు తిరిగివచ్చి అంటార్కిటికాకు 'రాయబారి'గా పనిచేస్తాడని యాత్రా సంస్థలు భరోసా ఇస్తాయి. రాయబారులు లక్ష దాటిన దేశం ప్రపంచంలో మరొకటి ఉండకపోవచ్చు. నల్లకర్బనం, అంటే ఇంధనం సరిగా మండనప్పుడు వెలువడే మసి, మంచుమీద పడి ఎండను ఎక్కువగా పీల్చుకొనేలా చేస్తుందని, 2016–2020 మధ్య వెళ్లిన ఒక్కొక్క పర్యాటకుడి వల్ల సుమారు 83 టన్నుల మంచు ముందుగా కరిగిందని 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కకట్టింది. దంపతులుగా వెళ్లేవారు ఈ అంకెను రెట్టింపు చేసుకోవాలి. రాయబారి ప్రసంగంలో దీనిని చేర్చవలసిన అవసరం లేదు.

చట్టాల గురించి కలత అనవసరం. ఆ ఖండానికి యజమాని లేడు. 1959 నాటి అంటార్కిటికా ఒడంబడిక కింద నిర్ణయాధికారం గల 29 దేశాలు, భారత్‌తో సహా, ఏకాభిప్రాయం కుదిరితేనే ఏదైనా తీర్మానిస్తాయి. 500 మందికి మించిన ఓడలనుంచి ఎవరినీ దించరాదని, ఒకచోట ఒకేసారి 100 మందికి మించి ఉండరాదని 2009లో ఆమోదించిన నిబంధన, అన్ని దేశాల సమ్మతి పూర్తికాక దశాబ్దం దాటినా అమలులోకి రాలేదు. 1991లో ఏడు యాత్రా సంస్థలు కలిసి పెట్టుకున్న సంఘం మాత్రం దానిని స్వచ్ఛందంగా పాటిస్తోంది, అంటే అతిథుల సంఖ్యను అదుపు చేసే పని ప్రధానంగా హోటలు యజమానుల చేతిలోనే ఉంది. 2024 మేలో కొచ్చిలో జరిగిన ఒడంబడిక దేశాల 46వ సమావేశం పర్యాటకంపై ప్రత్యేక కార్యవర్గంతో చర్చ ఆరంభించింది గనుక, ఏకాభిప్రాయం ఎంత నిదానమైన వాహనమో తెలిసినవారు కంగారు లేకుండా రాబోయే కొన్నేళ్లకు టికెట్లు కొనవచ్చు.

ఉత్తర ధ్రువప్రాంతం వైపు మొగ్గేవారికి ఒక హెచ్చరిక. స్వాల్బార్డ్ దీవులకు నార్వే రూపంలో ప్రభుత్వం ఉంది. అది 2025 జనవరి నుంచి అక్కడి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడలను రానివ్వడం మానేసింది. పెద్ద ఓడ, పెద్ద బఫే కావలసినవారు దక్షిణానికే వెళ్లడం మంచిది.