నా స్వరం ఒక్కటే

నేను శ్రుతిదండాన్ని. బడిలో ఫిజిక్స్ మాస్టారు రబ్బరు దిమ్మెకు కొట్టి, నీళ్ల గిన్నెలో ముంచి చూపించింది మా జాతివాళ్లనే. నేను ఏ ల్యాబ్‌కూ వెళ్లలేదు. షెఫీల్డ్ ఉక్కుతో పుట్టి, తూర్పు ఢిల్లీ మయూర్ విహార్‌లో ఒక ఒపెరా గాయని చేతిసంచీలో ఉంటున్నాను. నా కాడ మీద ఎ-440 అని చెక్కి ఉంటుంది. మోకాలికి తట్టి, చెవి వెనక ఎముకకు ఆనిస్తే సెకనుకు 440 సార్లు కంపిస్తాను. నాకు వచ్చింది ఆ ఒక్క స్వరమే.

మా మూలపురుషుడు జాన్ షోర్, ఇంగ్లండు రాజాస్థానంలో బాకా ఊదేవాడు. 1711లో ఆయన మమ్మల్ని తయారు చేశాక కూడా చాలాకాలం యూరప్‌లో ఊరికో శ్రుతి ఉండేది. వాద్యాలు మెరుపుగా మోగాలని ఆర్కెస్ట్రాలు శ్రుతి పెంచుకుంటూ పోయాయి. ఫిడేలుకు తీగ తెగితే ఇంకోటి కట్టుకుంటారు. గాయని గొంతు చెడితే ఏం చేస్తారు? చివరికి 1859లో ఫ్రెంచి ప్రభుత్వం 435 అని శాసనం చేసింది. 1939లో లండన్‌లో ఒక అంతర్జాతీయ సమావేశంలో కూర్చున్నవాళ్లు 440 అని ఒప్పుకున్నారు. గొంతులను కాచిన ఆ కట్టుబాటు నా ఒంటి మీద ఉన్నందుకు గర్వపడతాను.

మా మేడం తండ్రిది బాపట్ల. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, ఢిల్లీ ఆర్కే పురంలో క్వార్టర్స్. ఆమె చర్చి కాయిర్‌లో మొదలై, పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, లండన్ వెళ్లి గొంతుకు సాన పట్టించుకుని వచ్చింది. నన్ను కొన్నది అక్కడే. ఒపెరా అంటే ఏమిటే అని నాయనమ్మ అడిగితే, "మన పద్యనాటకం లాంటిదే నాయనమ్మా, మైకు ఉండదు, మాటలు కూడా పాడాల్సిందే" అంది. సురభి నాటకాలు చూసి పెరిగిన ఆవిడకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. రాగం తీసి పద్యాన్ని చివరి వరుస దాకా పంపడం ఎంత కష్టమో ఆవిడకు తెలుసు.

మైకు లేకుండా ఒక్క మనిషి గొంతు అంత పెద్ద ఆర్కెస్ట్రాను దాటి ఎలా వినిపిస్తుంది? గట్టిగా అరవడం వల్ల కాదు. ఆర్కెస్ట్రా బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. సాధన చేసిన గాయకుడు స్వరపేటిక పైభాగాన్ని, గొంతు గుహను ఒక తీరుగా అమర్చి 3000 హెర్ట్జ్ దగ్గర తన నాదాన్ని పోగుచేస్తాడు. అక్కడ వాద్యాల పోటీ తక్కువ, మన చెవికి పదును ఎక్కువ. స్త్రీ గొంతు మరీ పైకెక్కినప్పుడు దారి వేరు. నోరు తెరిచే కొలతతో అచ్చునే స్వరానికి దగ్గరగా సర్దుకోవాలి. ఈ సర్దుబాటు కంటికి కనపడదు. ఒక చెవి విని, ఇంకో గొంతుకు చెప్పాలి. గురువు అవసరం అక్కడే.

ఢిల్లీలో ఒపెరా హౌస్ లేదు. 1911లో మొదలైన ముంబై రాయల్ ఒపెరా హౌస్ ఎన్నో ఏళ్లు మూతపడి, 2016 అక్టోబరులో తెరుచుకుంది. ఆ రోజు పాడింది ముంబైలో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న సోప్రానో, అంటే పై స్థాయిలో పాడే గాయని, పాట్రీషియా రొజారియో. ఆమె, పియానో వాయించే భర్త మార్క్ ట్రూప్ 2009 నుంచి ఈ దేశానికి వచ్చి పిల్లలకు గొంతు నేర్పుతున్నారు. ఢిల్లీలో ఫ్రాన్సిస్ వాక్‌జార్గ్ స్థాపించిన నీమ్రానా మ్యూజిక్ ఫౌండేషన్ మన గాయకులతో ఒపెరాలు వేయించింది. సితు సింగ్ బ్యూలర్ లాంటి సోప్రానోలు పాడుతూనే నేర్పారు. మా మేడం దారీ అదే. చలికాలం నాలుగు కచేరీలు, ఏడాది పొడుగునా పాఠాలు.

"పాడటం మానేసి టీచరైపోయారా?" అని అడిగేవాళ్లంటే నాకు కష్టంగా ఉంటుంది. కచేరీలో ఆమె పాడేది గంటన్నర. పాఠంలో ప్రతి పిల్ల ఊపిరితోపాటు తనూ ఊపిరి తీస్తుంది, ప్రతి తప్పు స్వరాన్నీ తన గొంతులో ముందు పాడుకుని ఎక్కడ బిగిసిందో కనిపెడుతుంది. అంత పాట ఏ రంగస్థలం మీదా పాడలేదు.

గుంటూరమ్మాయి ఒకతె నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ బ్లూ లైన్ మెట్రోలో వస్తుంది. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. మొదటి రోజే "మేడం, నా శ్రుతి ఐదు" అంది. మేడం నన్ను తట్టి బల్లకు ఆనించింది. "అక్కడ షడ్జం నీ ఇష్టం తల్లీ. ఇక్కడ అరవైమంది వాద్యగాళ్లు ఒకే చోట నిలబడాలి, నువ్వే వాళ్ల దగ్గరకు రావాలి." ఆ పిల్లకు గమకం లేకుండా స్వరాన్ని నిటారుగా నిలపడం కష్టమైంది. ఇటాలియన్ మాత్రం సులువుగా వచ్చింది. పళ్లకు ఆనే త, ద, అమ్మలో అత్తలో ఉన్న ఒత్తులు, చివర అచ్చు, అన్నీ ఇంటి నుంచి తెచ్చుకున్నవే. మేడం ఆ మాట చెప్పినప్పుడు పిల్ల మొహం విప్పారింది.

ఢిల్లీ గాలి సంగతి చెప్పకపోతే అన్యాయం. ఇక్కడ కచేరీల కాలం, పొగమంచు కాలం ఒకటే. నవంబరులో గాలి సూచీ 400 దాటిన రోజు మేడం పై స్వరాలు ముట్టుకోనివ్వదు. కిటికీలు మూసి, ఊపిరి కసరత్తు కూడా తగ్గించి, మాటలు అర్థం చేసుకుంటూ చదివిస్తుంది. మే నెలలో పియానో ఒక వైపు జారుతుంది, వానల్లో ఇంకోవైపు. నలభై అయిదు డిగ్రీల ఎండలో నేనూ ఒక హెర్ట్జ్ దాకా కిందికి దిగుతాను, ఉక్కు లక్షణం అది. అందుకే మేడం ఎండలోంచి రాగానే నన్ను తట్టదు, సంచీలోంచి తీసి గది చల్లబడేదాకా బల్ల మీద పెడుతుంది.

ఇప్పుడు ఆ గుంటూరమ్మాయి 'లాక్మే' నేర్చుకుంటోంది. దెలీబ్ రాసిన ఈ ఒపెరా 1883లో పారిస్‌లో ఆడింది. నీలకంఠుడనే బ్రాహ్మణుడి కూతురు కథ, చివర ఉమ్మెత్త ఆకు తిని చనిపోతుంది. మన దేశాన్ని చూడకుండా ఊహించుకుని రాసినదే, అయినా మువ్వల మోత లాంటి ఆ పై స్వరాలను మేడం ప్రాణంగా చూసుకుంటుంది. పారిస్ షాత్లే థియేటర్‌లో రూసెల్ 'పద్మావతి'ని 2008లో సంజయ్ లీలా భన్సాలీ వేయించాడని చెబుతూ, "మన కథలు వాళ్లు పాడారు, ఇక మనం పాడాలి" అంటుంది.

ఆ పిల్ల విదేశంలో కోర్సుకు దరఖాస్తు పెట్టుకుంది. మొన్న పాఠం అయ్యాక మేడం అంది: "వెళ్లు. నేర్చుకుని రా. విజయవాడలో పాఠాలకు ఒక గది తీసుకో. పియానో తర్వాత కొనుక్కోవచ్చు, ముందు ఇలాంటిది ఒకటి సంచీలో పెట్టుకో."

"ముందు ఆ పై మి స్వరం అందనివ్వండి మేడం," అని ఆ పిల్ల మళ్లీ నిలబడింది. మేడం నన్ను మోకాలికి తట్టింది.