హారంలో లేనివాడికి నొప్పి ఉండదు

ఆక్లాండ్ న్యూ లిన్‌లో మా వీధి చివర ఉండే బాబాయ్ గారి కుడి మోకాలు ప్రభుత్వం లెక్క ప్రకారం దివ్యంగా ఉంది. ఆయన మటుకు లిన్‌మాల్ నుంచి రైల్వే స్టేషన్‌కి ఉన్న ఆ కాస్త దూరంలోనే ఎక్కడ బెంచీ కనబడితే అక్కడ కూలబడుతున్నారు. అది ఆయన వ్యక్తిగత అభిప్రాయం కిందకి వస్తుంది.

జరిగింది ఇంతే. జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, రాసిన రిఫరల్‌ని ఆస్పత్రి తిప్పి పంపింది. మీ సమస్య ప్రస్తుతానికి మా ప్రమాణాలకి అందలేదని చాలా మర్యాదగా ఉత్తరం రాశారు. న్యూజిలాండ్ ఆరోగ్య మంత్రిగా షేన్ రేటి 2024 మార్చిలో ప్రకటించిన అయిదు లక్ష్యాల్లో ఒకటి, నూటికి తొంభై అయిదుగురికి నాలుగు నెలల్లోపు స్పెషలిస్టు దర్శనం. ఎవరిలో నూటికి? క్యూలోకి రానిచ్చిన వాళ్లలో. బాబాయ్ గారిని గేటు దగ్గరే ఆపేశారు కాబట్టి ఆయన ఎదురు చూడటం లేదు. ఎదురు చూడనివాడికి ఆలస్యం ఎలా అవుతుంది?

“అంటే నాకు నొప్పి లేనట్టా?” అన్నారాయన.

“ఉంది బాబాయ్ గారూ. హారంలో లేదు.”

ఆరోగ్యశాఖ సాఫ్ట్‌వేర్లలో సూచిక అనే జీవి ఎలా పుడుతుందో తెలిస్తే ఈ మోకాలి రహస్యం బోధపడుతుంది. ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ల డీహెచ్‌ఐఎస్2నే తీసుకోండి, చాలా దేశాల ఆరోగ్యశాఖలు వాడుతున్నాయి. కొత్త సూచిక తయారుచేయాలంటే ఫారంలో ముందు పేరు పెట్టాలి. తర్వాత లవం, ఆ తర్వాత హారం, ఆపైన దాన్ని వందతో హెచ్చవేయాలా, వెయ్యితోనా, లక్షతోనా అన్నది. అంతే. న్యూజిలాండ్‌లో సాఫ్ట్‌వేర్ వేరు, లెక్క మాత్రం ఇదే. ఆరో తరగతి పిల్లవాడు చేసేస్తాడు. అందుకే కాబోలు దీనికి కమిటీలు వేస్తారు.

శాతం పెంచాలంటే రెండే దారులు. లవం పెంచాలంటే సర్జన్లు కావాలి, మత్తు డాక్టర్లు కావాలి, థియేటర్లు కావాలి, డబ్బు కావాలి. హారం తగ్గించాలంటే ఒక ఫిల్టరు చాలు. ఇది నా కొంటె ఊహ కాదు. స్పెషలిస్టు కోసం గడువు దాటి చూస్తున్నవాళ్లని లెక్కపెట్టే సూచిక ఈ దేశంలో ఎప్పటినుంచో ఉంది. 2006లో, అప్పటి ఆరు నెలల గడువు దాటిన వేలమందిని వెయిటింగ్ లిస్టుల్లోంచి తీసి మళ్లీ జీపీల దగ్గరికి పంపేశారు. ఒక్క కత్తిగాటు లేకుండా, ఒక్క కుట్టు లేకుండా అన్ని వేల కేసులు తేలిపోయాయి. శస్త్రచికిత్స చరిత్రలో ఇంతటి ఘనత ఇంకోటి చూపించండి.

గడియారం ఎక్కడ మొదలవుతుందన్నది ఇంకో కళ. ఆ అయిదింటిలోని కేన్సర్ లక్ష్యం చూడండి: 31 రోజుల్లో 90 శాతం మందికి చికిత్స. వినగానే ప్రాణం లేచొస్తుంది. ఆ 31 రోజులు గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి కాదు, చికిత్స చేద్దామని నిర్ణయం తీసుకున్న రోజు నుంచి. స్కాన్ కోసం చూసినన్నాళ్లూ గడియారానికి కీ ఇవ్వలేదన్నమాట. మన పంచాంగకర్తలకి కూడా రాని ముహూర్తం ఇది.

ఎక్కడ ఆగుతుందన్నది కూడా తక్కువ కళేం కాదు. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లలో 95 శాతం మందిని ఆరు గంటల్లోపు వార్డుకో ఇంటికో ఇంకో ఆస్పత్రికో పంపాలని 2009లో టోనీ రయల్ మంత్రిగా ఉన్నప్పుడు లక్ష్యం పెట్టారు. పాపం, దానివల్ల మంచీ జరిగింది, కాదనను. కానీ ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో టిమ్ టెన్‌బెన్సెల్ బృందం లోపలికి తొంగి చూస్తే, రోగి కదలకపోయినా గడియారం ఆగడమూ, పక్కనే ఉన్న స్వల్పకాలిక విభాగంలోకి మంచం జరిపి ‘పంపేశాం’ అనడమూ బయటపడ్డాయి. ఇంగ్లాండులో అయితే నాలుగు గంటల లక్ష్యం కోసం ట్రాలీల చక్రాలు ఊడబీకి వాటినే మంచాలన్న కథలు పార్లమెంటు దాకా వెళ్లాయి. చక్రం లేకపోతే మంచమే. నిర్వచనం నిర్వచనమే.

బాబాయ్ గారి చుట్ట సంగతి చెప్పకపోతే అన్యాయం. పాత లక్ష్యాల్లో ఒకటుండేది: పొగతాగేవాళ్లలో 90 శాతం మందికి మానమని సలహా ఇవ్వాలి. మానిపించాలని కాదు, సలహా ఇవ్వాలని. ఈయన మోకాలి కోసం వెళ్లినా, జలుబుకి వెళ్లినా, “పొగ తాగుతారా?” “తాగుతానమ్మా.” “మానేస్తే మంచిది.” టిక్కు. ఈయన బయటికొచ్చి చెట్టు కింద చుట్ట ముట్టించేవారు. లవంలో ఒకటి పడింది, హారంలో ఒకటి ఉంది, దేశం నూటికి నూరు సాధించింది. పొగ మాత్రం సూచికలో లేదు.

ఇక మన జాతకం. ఇక్కడి ఆరోగ్య పట్టికల్లో చాలాచోట్ల మనం ‘ఏషియన్’. చైనా, కొరియా, ఫిలిప్పీన్స్ వాళ్లతో కలిపి ఒకే గడి. గుంటూరు వాడి షుగరూ షాంఘై వాడి షుగరూ కలిపి సగటు తీస్తే మనవాళ్లకి రోగమే లేనట్టు కనిపిస్తుంది. గుండెజబ్బు అంచనాలో మాత్రం మనల్ని విడదీశారు. 2018 మార్గదర్శకాల ప్రకారం దక్షిణాసియా మగవాళ్లకి 30 ఏళ్లకే, ఆడవాళ్లకి 40కే పరీక్ష మొదలుపెట్టాలి. మిగతావాళ్లలో చాలామందికి 45, 55. గడి మారితే పదిహేనేళ్లు ముందు పట్టుకుంటారు. సూచికలంటే నాకు బొత్తిగా గిట్టదనుకునేరు, ఇలాంటి గడి గీసినవాళ్ల చేతులకి దండం పెడతాను.

ఇండియాలో మన దగ్గర ఇంత తెలివి లేదని చిన్నబుచ్చుకోకండి. ఓస్లో వాళ్ల సాఫ్ట్‌వేర్ మొదటి తరాన్ని మనదేశంలో ముందుగా పరీక్షించింది 2000లో, మన కుప్పంలోనే. ఇప్పుడు జాతీయ ఆరోగ్య సమాచార వ్యవస్థ హెచ్‌ఎంఐఎస్‌లో కొన్నిచోట్ల టీకాల శాతం వంద దాటేస్తుంది. ఉన్న పిల్లలకంటే ఎక్కువమందికి సూదులు పడ్డాయన్నమాట. నవ్వకండి, దీని వెనక మన కాపురాలే ఉన్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో కదా! కోడలు అత్తారి మండలంలో నమోదవుతుంది, ప్రసవమూ బిడ్డ టీకాలూ పుట్టింటి మండలంలో. హారం ఒక ఊళ్లో, లవం ఇంకో ఊళ్లో. ఒక పీహెచ్‌సీ డాక్టరు సన్మానానికి సిద్ధమవుతాడు, ఇంకొకాయన మెమోకి జవాబు రాసుకుంటాడు. సీమంతం అయిన పిల్లని బస్సెక్కించిన పాపానికి ఏఎన్ఎం సంజాయిషీ చెప్పాలి. పైగా ఆ హారం 2011 జనాభా లెక్కలనుంచి సాగదీసిన అంచనా. 2021లో జరగాల్సిన లెక్క ఆ ఏడాది జరగనే లేదు.

ఇక్కడ న్యూజిలాండ్ వాళ్లకి సాంకేతికత లేదని కూడా అనలేం. దేశంలోని ఇరవై జిల్లా ఆరోగ్య బోర్డులనీ కలిపి 2022 జులైలో హెల్త్ న్యూజిలాండ్‌ని పుట్టించారు. ఆమధ్య దాని ఏటి ఖర్చు సుమారు 2,800 కోట్ల డాలర్లు. అంత డబ్బు లెక్కా ప్రధానంగా ఒకే ఒక్క ఎక్సెల్ షీటు మీద నడుస్తోందని డెలాయిట్ సమీక్షలో తేలింది, 2025 మార్చిలో లోకానికి తెలిసింది. మా కిరాణా కొట్టాయన ఆ వార్త విని తన ఖాతా పుస్తకం వైపు కొత్త గౌరవంతో చూసుకున్నాడు.

బాబాయ్ గారిలా మీకూ రిఫరల్ తిరిగొచ్చిందని ఉత్తరం అందితే దాన్ని మడిచి సొరుగులో పడేయకండి. జీపీ దగ్గరికి మళ్లీ వెళ్లండి. ‘నొప్పి’ అని ఊరుకోకుండా మెట్లెక్కలేకపోతున్నారా, రాత్రి నిద్ర పడుతోందా, మనవణ్ణి ఎత్తుకోగలుగుతున్నారా, అన్నీ రాయించి ఇంకోసారి పంపించమనండి. ఎన్నికలప్పుడు ఎంపీగారు చెయ్యి కలపడానికి వస్తే శాతం ఎంతని అడక్కండి, అది ఆయనకి కంఠతా వచ్చు. ఎన్ని రిఫరళ్లు తిప్పి పంపారో అడగండి.