సర్వగవాక్షపిధాన సూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము: టెల్ అప్లికేషన్ "ఫైండర్" టు క్లోజ్ ఎవ్రీ విండో

అవతారిక: మాక్ వాడువాడును, వర్క్ ఫ్రం హోం వ్రతస్థుడును, ఎడిసన్ వాస్తవ్యుడును అగు ఒకానొక తెలుగు గృహస్థు, "స్క్రీన్ షేర్ చేయండి" అను మేనేజరు పలుకు చెవిని పడగానే, తెరపై పరచుకొన్న ఐ-797 వీసా పత్రపు స్కాన్లు, గృహప్రవేశం ఫొటోలు, అమ్మాయి కూచిపూడి ఫీజు రసీదులు గల ఫోల్డర్లను చూచి, గుండె గుభేలుమనగా ఈ సూత్రమును రచించుచున్నాడు.

దేశకాలములు: ఈ సూత్రపు భాషయగు యాపిల్‌స్క్రిప్ట్ 1993లో వెలువడినది గాన సూత్రము అంతకు పూర్వపుది కానేరదు. దేశము న్యూజెర్సీలోని ఎడిసన్. 1954 దాక ఈ ఊరు రారిటన్ టౌన్‌షిప్. 1879లో ఇచ్చటి మెన్లో పార్కున బల్బు వెలిగించినవాని పేరు పిమ్మట పెట్టుకొన్నారు. ఓక్ ట్రీ రోడ్డున గోంగూర దొరకుటకును సూత్రమునకును సంబంధము లేదని కొందరందురు. కవికి కడుపు నిండవలెను గదా అని మేమందుము.

ప్రతిపదార్థము: అప్లికేషన్ ఫైండర్ = ఫైండరను అప్లికేషనుకు; ఎవ్రీ విండో = తెరచియున్న కిటికీలన్నిటిని, ఒక్కటైనను విడువక; టు క్లోజ్ = మూయుమని; టెల్ = చెప్పుము.

తాత్పర్యము: ఓ ఫైండరూ, అన్నీ మూసెయ్. అడ్డు ప్రశ్నలు వేయకు.

విశేషములు: మూయునది స్క్రిప్టు కాదు, ఫైండరు. స్క్రిప్టుది దౌత్యము మాత్రమే. యాపిల్ ఈవెంట్ అను సందేశము పంపి ఊరకుండును. 2018 నాటి మాక్‌ఓఎస్ మొహావీ మొదలు ఇట్టి దూతకు తొలిసారి యజమాని అనుమతి కావలెను. కావున కిటికీలు మూయబోగా, "ఫైండరును నడిపింపనీయవచ్చునా" అని అడుగు కొత్త పెట్టె ఒకటి నట్టనడుమ తెరచుకొనును. ఆలంకారికులు దీనిని విరోధమందురు. మేనేజరు చూచుచుండగా జరిగెనేని కరుణ.

ఇక "ఎవ్రీ" ఏల, ఒకటి మొదలు లెక్కించి ఒక్కొక్కటే మూయరాదా అని పూర్వపక్షము. అట్లు రిపీట్ లూపు వ్రాసి భంగపడినవారు కలరు. ఆరు కిటికీలున్నవనుకొందము. అన్నిటికంటె ముందున్నదే ఎప్పుడును ఒకటోది. దానిని మూయగానే రెండోది ఒకటోదగును, మూడోది రెండోదగును. ఇది ఎరుగని లూపు, రెండోదనుకొని అసలు మూడోదానిని, పిదప అసలు ఐదోదానిని మూయును. మిగిలినవి మూడు. "నాలుగోది" అనగానే ఫైండరు "ఇన్‌వాలిడ్ ఇండెక్స్" అని చేతులెత్తును. మిగిలిన మూడింటిలో ఐ-797 ఉండితీరుననుట లోకానుభవము. చివరినుండి వెనుకకు లెక్కించినచో ఈ దోషము రాదు. కాని ఒక్క మాటతో తీరుదానికి లెక్కలేలనని సూత్రకారుని హృదయము.

మూలమున లేనిది వ్రాయనని మెదకుసీమ కొల్చారపు వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టెను. మాకా భాగ్యము లేదు. ఇచ్చట మూలమున లేనిదే ప్రాణాంతకము. ఫోల్డరు కిటికీ మూసినంత మాత్రమున పోవునదేమియు లేదు గాన ఫైండరు విషయమున అధ్యాహారము అక్కరలేదు. అదే సూత్రమును టెక్స్ట్‌ఎడిట్‌కు అన్వయించినచో, పేరైనను పెట్టక వ్రాసిన ప్రతి కాగితమును గూర్చి "దాచనా, పారవేయనా" అని నిలదీయును. ఈ పోరు పడలేక కొన్ని ప్రతులలో తోకకు "సేవింగ్ నో" తగిలించిరి. ప్రశ్నలు పోయినవి. వానితోపాటు రాత్రి రెండింటిదాక వ్రాసిన అప్రైజలు నోట్సును పోయినవి. ఈ పాఠము అపపాఠము. "సేవింగ్ ఆస్క్" అనునదే మాకు సమ్మతము, మేనేజరు వేచియుండుగాక.