మామగారూ, మల్టీమీటరూ

మా కారులో పాట ఆగిపోవడానికి కారణం మా మామగారేనని మా ఆవిడ ముందు అనే ధైర్యం నాకు లేదు. లెక్క చూస్తే మాత్రం అలాగే తేలేది. నేనొక్కణ్ణే ఆఫీసుకి వెళ్తే పాడుతుంది. ఆవిడ పక్కన కూర్చున్నా పాడుతుంది. తెనాలి నుంచి మామగారు దిగి, ముందు సీట్లో సర్దుకుని, "అల్లుడుగారూ, ఘంటసాల పద్యాలుంటే పెడుదురూ" అన్నారంటే చాలు. మొదటి స్పీడ్ బ్రేకర్ దాటేసరికి ఎవరో పీక పట్టుకున్నట్టు పద్యం ఆగిపోయేది.

"మా నాన్న ఎక్కితేనే మీ బండికి నోరు పడిపోతుందేం?" అంది మా ఆవిడ వెనక సీట్లోంచి. ఆ 'మీ' దగ్గర కాస్త నొక్కింది.

బండి సెకండ్ హ్యాండుది. అమ్మినవాడు కుర్రాడు. సీట్ కవర్లు చిరిగిపోయినా పట్టించుకోలేదు గానీ, డిక్కీలో ఒక యాంప్లిఫయరు, తలుపుల్లో నాలుగు స్పీకర్లు మాత్రం పెట్టించాడు. తాళాలిస్తూ, "యాంప్ జాగ్రత్త అంకుల్" అన్నాడు, ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు. దాని నెత్తిన బంగారు రంగులో '2000 వాట్లు' అని ఉంది. పక్కనే గుచ్చిన ఫ్యూజు మీద 30 ఆంపియర్లని ఉంది. బండి స్టార్టయి ఉన్నప్పుడు దానికందేది దాదాపు 14 వోల్టులు. ముప్ఫైని పద్నాలుగుతో గుణిస్తే 420. లోపలికి వెళ్లేదే 420, అందులో కొంత వేడి కింద పోతుంది, మరి బయటికి 2000 ఎలా వస్తాయి? తక్కిన 1580 వాట్లూ స్టిక్కరువి.

ముందు మా వీధి చివర కారు డెకార్స్ కుర్రాడికి చూపించాను. డిక్కీ ఎత్తాడు. యాంప్ మీద ఎర్ర లైటు చూశాడు. డిక్కీ వేశాడు. "ఐసీ పోయింది సార్. కొత్తది ఏయించుకోండ్రి" అన్నాడు. స్క్రూ డ్రైవరైనా చేత్తో పట్టుకోలేదు. మా పేటలో టీవీ మాట్లాడకపోయినా ఐసీయే, మిక్సీ తిరక్కపోయినా ఐసీయే, వాషింగ్ మెషీన్ నీళ్లు కక్కినా ఐసీయే. నాకు నలభై దాటాక నడుం పట్టేస్తే డాక్టరు ఐసీ అనలేదు, అంతే తేడా.

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్త యాంప్ ధర కనుక్కున్నాను. కనుక్కుని, దాని బదులు ఒక మల్టీమీటరు కొనుక్కుని వచ్చాను.

ఆదివారం పొద్దున్నే డిక్కీ ముందు చతికిలబడ్డాను. యాంప్ మేలుకోవడానికి కావాల్సినవి మూడే తీగలు. బ్యాటరీ నుంచి వచ్చే లావుపాటి పాజిటివ్, బాడీకి బిగించే ఎర్త్, స్టీరియో నుంచి వచ్చే సన్నటి రిమోట్ వైరు. ఈ మూడోది ఇంటి పెద్ద లాంటిది. చేసే పనేమీ ఉండదు, అది 'ఊఁ' అంటే గానీ ఎవరూ కదలరు. మీటరు పెట్టాను. పాజిటివ్ దగ్గర 12.5, రిమోట్ దగ్గర 12.3. ఇద్దరూ సలక్షణంగా ఉన్నారు.

ఎర్త్ సంగతి చూస్తే మాత్రం యాంప్ బిగించినవాడి పనితనం బయటపడింది. రేకు మీద పెయింటు గీకకుండా, దాని మీదే స్క్రూ బిగించేశాడు. పెయింటులోంచి కరెంటు వెళ్లదు, ఆ స్క్రూ మరలు ఎక్కడ ఒరుసుకుంటే అక్కడి నుంచి పాకుతూ వెళ్లాలి. అక్కడ ఓమ్‌లో పదో వంతు అడ్డు ఉన్నా, 20 ఆంపియర్లు లాగేసరికి 2 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. ఉప్పు కాగితంతో రేకు తళతళలాడేదాకా రుద్ది బిగించాను. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పాట వెనకాల దోమలా 'కుయ్‌య్' మంటూ పెరిగే రొద కూడా దాంతో పోయింది. ఇన్నాళ్లూ అది ఇంజను సంగీతం అనుకున్నాను.

గెలిచానని ఇంట్లో ప్రకటించాను. సాయంత్రం అందరం గుడికి బయల్దేరాం. మామగారు ఎక్కారు. పద్యం మొదలైంది. స్పీడ్ బ్రేకర్ వచ్చింది. పద్యం పోయింది.

వెనక సీట్లో మా ఆవిడేమీ అనలేదు. అంటే బాగుండేది.

రాత్రి భోజనాలయ్యాక మళ్లీ టార్చి పట్టుకుని దిగాను. మామగారు తోడొచ్చారు. "నేను వస్తే ఆగిపోతోంది కదా, నేను లేకుండా ఎలా పట్టుకుంటారు?" అన్నారు. నేను వారం రోజులుగా మింగేస్తున్న మాట ఆయన అంత తేలిగ్గా అనేసరికి సగం బరువు దిగింది.

ఆ ఎర్ర లైటు పక్కన 'ప్రొటెక్ట్' అని ఉంటుంది. యాంప్ చచ్చిపోయిందని కాదు దానర్థం. ఎక్కడో షార్ట్ అయిందనో, ఒళ్లు మరీ వేడెక్కిందనో తెలిస్తే, లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోకముందే అది నోరు మూసుకుంటుంది. అలాంటి లైటు నాకూ ఒకటుంటే, పెళ్లయిన కొత్తలో మా ఆవిడ చేసిన గోంగూర మీద అభిప్రాయం చెప్పేవాణ్ణి కాదు.

స్పీకరు వైర్లు నాలుగు జతలూ పీకేసి, ఆపి ఆన్ చేశాను. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చింది. అంటే ఐసీ పోలేదు, బోర్డు పోలేదు. ఒక్కో జతా తగిలిస్తూ వచ్చాను. వెనకవి రెండూ సరే. ముందు కుడివైపుదీ సరే. ముందు ఎడమది తగిలించగానే ఎర్ర లైటు! ఎడమంటే మామగారి వైపు.

ఆ జతని మళ్లీ పీకి, మీటరుని 'కీ' మనే గుర్తు మీదకి తిప్పాను. ఒక ముల్లు వైరుకి, ఇంకోటి బండి రేకుకి. అక్కడ చప్పుడు రాకూడదు. మామగారు సీట్లో కూర్చుని ఉన్నారు. 'కీ…' మంది.

"ఏమిటండీ అది?"

"షార్టండీ మావయ్యగారూ. కాస్త సీటు ముందుకి జరపండి."

లీవరు ఎత్తి జరిపారు. ఆగిపోయింది.

"ఇప్పుడు వెనక్కి."

'కీ…'

"ముందుకి." నిశ్శబ్దం. "వెనక్కి." 'కీ…' ఆయనకి మహా సరదా పుట్టింది. నేను చెప్పకుండానే ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఉయ్యాల్లో పిల్లాడిలా, "ఇదిగో అంది, ఇదిగో మానేసింది" అంటున్నారు. పైన బాల్కనీలోంచి మా ఆవిడ చూస్తోంది. రాత్రి పదింటికి కన్నతండ్రి చీకట్లో ఆగి ఉన్న కారులో ఊగుతున్నాడు, మొగుడు డిక్కీలో తలపెట్టి "వెనక్కి, వెనక్కి" అంటున్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఆయన ఆరడుగుల మనిషి. మోకాళ్లు డాష్‌బోర్డుకి తగలకుండా సీటుని చిట్టచివరికి నెట్టుకుంటారు. మా ఆవిడ ఎక్కితే మళ్లీ ముందుకి లాక్కుంటుంది. కార్పెట్ ఎత్తి చూస్తే, స్పీకరు వైరు సరిగ్గా సీటు పట్టా కింద నుంచి పోతోంది. సీటు చివరికి వెళ్లినప్పుడల్లా పట్టా అంచు దాన్ని కొరికి కొరికి, గోరంత మేర తొడుగు లేచిపోయి రాగి బయటపడింది. బండి కుదిపితే అది రేకుకి తగులుతుంది. యాంప్ నోరు మూసుకుంటుంది. వైరు కత్తిరించి, అతికి, టేపు చుట్టి, తలుపు అంచు కిందుగా మళ్లించాను. ఖర్చు ఒక టేపు చుట్ట. మర్నాడు ఘంటసాల గారు మూడు స్పీడ్ బ్రేకర్లు దాటి కూడా పాడారు. నాలుగో దాని దగ్గర మామగారే, "సౌండు కాస్త తగ్గించండి, గుండెల్లో గుద్దినట్టుంది" అన్నారు.

వెళ్తూ వెళ్తూ మల్టీమీటరు అడిగి సంచిలో వేసుకున్నారు. మొన్న తెల్లారుజామునే ఫోను.

"అల్లుడుగారూ, మా ఇనప మంచం షార్టయింది. ఎక్కడ పెట్టినా 'కీ' మంటోంది. రంగు గీకి మరీ చూశాను. మీ అత్తయ్యగారు ఇంకా దాని మీదే పడుకుని ఉంది. ముందుకి జరపనా, వెనక్కి జరపనా?"