జుట్టులో గుట్టు

మా పెద్దనాన్నది అసీలు పుంజు. దాని నెత్తిన జుట్టు ఉందంటే ఉంది, లేదంటే లేదు: మూడు పొట్టి వరసలు, బఠాణీలు అతికించినట్టు. పందెంలో ఎదుటి పుంజు ముక్కుకి చిక్కదని దాన్నో వరంగా చెబుతాడు. మా దొడ్లో తిరిగే నాటుపెట్టలకి గాట్లు గాట్లుగా నిలబడే ఒంటిజుట్టు.

ఈ పుంజుకీ ఆ పెట్టలకీ పుట్టిన పిల్లలన్నీ బఠాణీ జుట్టుతోనే ఎదిగాయి. "అదీ అసీలు రక్తమంటే!" అని పెద్దనాన్న మీసం దువ్వాడు. రక్తం పౌరుషం కాదది. బఠాణీ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా తన మాట నెగ్గించుకుంటుంది. ఒంటిజుట్టు పైకి కనిపించాలంటే అమ్మా నాన్నా ఇద్దరూ సంతకం పెట్టాలి. అందాకా అది నోరెత్తకుండా పడి ఉంటుంది. కాకపోతే ఇలాంటి మిశ్రమ పిల్లల జుట్టు తండ్రిదానికన్నా కాస్త ఎత్తుగా, వంకరగా ఉంటుంది. అది గమనించే ఓపిక మీసం దువ్వేవాళ్లకి ఉండదు.

ఆ పిల్లలే పెద్దవై వాటిలో అవి జతకట్టాక, పొదిగిన గుడ్ల నుంచి ఒంటిజుట్టు పిల్లలు బయటపడ్డాయి. లెక్క ప్రకారం నాలుగింట ఒకటి అలా రావాలి. మా పెద్దమ్మకి లెక్కలతో పనిలేదు. "ఒరేయ్, ఈ పెట్ట గోడ దూకిందిరా" అంది. పెట్ట శీలం కాపాడే బాధ్యత నామీద పడింది.

"దూకలేదు పెద్దమ్మా, నాయనమ్మ జుట్టు మనవడికొచ్చింది."

"అయితే మీ పెద్దనాన్న బట్టతల నీకెందుకొచ్చిందిరా?"

నేను సంభాషణని ఇంగ్లండుకి మళ్లించాను. మెండెల్ మొక్కల్లో చూసిన సూత్రాలు జంతువులకీ వర్తిస్తాయని 1902లో విలియం బేట్సన్ చూపింది ఈ కోళ్ల జుట్టుతోనే. ఆ తర్వాత పున్నెట్‌తో కలిసి ఇంకో వింత తేల్చాడు. బఠాణీ జుట్టు కోడిని గులాబీ జుట్టు కోడితో కలిపితే పిల్లలకి ఇద్దరి జుట్టూ రాదు, అక్రోటు కాయలా ముడతలు పడ్డ మూడో రకం వస్తుంది. అలాంటి అక్రోటు జుట్టువాళ్లు పెళ్లాడితే పదహారింట తొమ్మిది అక్రోటు, మూడు గులాబీ, మూడు బఠాణీ, ఒకటి ఒంటిజుట్టు. ఆ పదహారో పిల్ల పుట్టిన రోజున మా పెద్దమ్మ అక్కడ లేకపోవడం బేట్సన్ అదృష్టం.

అసలు తమాషా అమెరికా వయండాట్ కోళ్లది. 1883లోనే అక్కడి ప్రమాణాల పుస్తకంలోకెక్కిన జాతి. గులాబీ జుట్టు ఉండి తీరాలి. అయినా ఇప్పటికీ ఒంటిజుట్టు పిల్లలు ఊడిపడుతూనే ఉన్నాయి. దీని వెనకున్న జన్యు కారణం 2012లో బయటపడింది. గులాబీ జుట్టుకి మూలం ఏడో క్రోమోజోములో ఓ ముక్క తలకిందులు కావడం. ఆ తిరగబడటంలో వీర్యకణాలకి పనికొచ్చే ఒక జన్యువు తెగిపోయింది. రెండు వైపుల నుంచీ గులాబీయే అందుకున్న శుద్ధవంశపు పుంజు చూడ్డానికి మహారాజు, కాపురానికి అంతంతమాత్రం. వీర్యం చురుకు తక్కువ. ఒంటిజుట్టుని లోపల దాచుకున్న సంకరపు పుంజుకి ఆ లోటు లేదు, కాబట్టి గుడ్లు ఎక్కువగా పొదిగేది దాని పేరునే. పెట్టలకి ఈ బాధే లేదు. పెంపకందారు ఏరి పారేస్తున్నకొద్దీ ఒంటిజుట్టు పెరటిదారిన తిరిగి వస్తుంది.

ఇదంతా విన్న పెద్దనాన్న చాలాసేపు తన పుంజు వైపే చూశాడు.

"మన బఠాణీకి అలాంటి జబ్బేం లేదుగా?" అన్నాడు.

లేదన్నాను. మీసం మీదకి చెయ్యి వెళ్లింది.