కట్ట మీది సూర్యోదయము

బ్రాహ్మీ ముహూర్తమున మేల్కొనువారిని మన శాస్త్రములు వేనోళ్ల పొగడినవిగాని, అట్లు మేల్కొన్నవాడు సంధ్యావందనమును మాని, మెడకొక కెమెరా తగిలించుకొని చెరువునకు పరుగెత్తినచో వానికేమి ఫలము దక్కునో ఎచ్చటను చెప్పియుండలేదు. ఆ ఫలమును నేను అనుభవించితిని. నవాబుపేటలో ఉద్యోగము వెలగబెట్టుచున్న దినములలో, నీటిపై ఉదయించు సూర్యుని ఫొటో తీసి, మా ముందుగది గోడమీది క్యాలెండరును పదవీభ్రష్టము గావింపవలెనని సంకల్పించి, ఒక చలికాలమంతయు నిద్రను ధారవోసితిని.

నా కెమెరా నలుపు తెలుపుల డబ్బా. రీలునకు పన్నెండు బొమ్మలు. మన సీమలో సూర్యబింబము అంచు తోచినది మొదలు నిండుగా పైకి వచ్చుటకు పట్టునది రెండు నిమిషములపై కొన్ని క్షణములు మాత్రమే. అందు మొదటి నిమిషము తోలుసంచి గుండీలు విప్పుటకును, రెండవది కటకముపై పట్టిన మంచును కండువా చెంగుతో తుడుచుటకును సరిపోవుచుండెను. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువున ముసవ్వర్ జంగ్ బిరుదమందిన రాజా దీన్‌దయాళ్, గాజుపలకల కాలమునందు అన్ని చక్కని చిత్రములెట్లు తీసెనాయని నేను ఆశ్చర్యపడుచుండెడివాడను. రహస్యము పిమ్మట తట్టినది: ఆయన యెదుట కూర్చున్న ప్రభువులు, ఆయన చాలుననువరకు కదలియుండరు, నా ప్రభువు ఎవరికొరకును ఆగువాడు కాడు.

మొదటినాడు చీకటితో చెరువుకట్ట నెక్కి, ఊపిరి బిగబట్టి, నీటివైపు కెమెరా గురిపెట్టి నిలిచితిని. తెలతెల్లవారెను, కొంగలు లేచెను, నా వీపు వెచ్చనయ్యెను. సూర్యుడు వెనుకనుండి వచ్చినాడు! నీటిమీద పడినది బింబము కాదు, నా నీడ. దాని మెడలో కెమెరా నీడ. ఆనాటి పన్నెండు బొమ్మలలోను మే మిరువురమే యుంటిమి.

ఇందు సూర్యుని దోషము లేదు. దోషము భూమి వాలుది. కట్టను ఎప్పుడును పల్లపువైపున వేయుదురు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పుగా పారి గండిపేట చేరుచున్నది. ఆ వాలులోని మా చెరువునకు కట్ట తూర్పున, నీరు పడమట. 1920లో పూర్తియైన గండిపేట కట్ట కథయు ఇదియే. నగరవాసులు అచ్చటికి సాయంకాలము పోవుట సోమరితనమువలన కాదు, భూగోళ జ్ఞానమువలననేయని నాకప్పుడు బోధపడినది. అవే కొండల కావలి నీరు కాగ్నాలో పడి, తాండూరు మీదుగా పడమటికి సాగి భీమను చేరును. ఆ వాలులోని కట్టపై మంచము వేసికొని పండుకొన్నవానికి సూర్యోదయము కాళ్లకడకు నడచి వచ్చును. మూసీయు భీమయు తుదకు కృష్ణలోనే కలిసి సమాధానపడినవిగాని, తగవు నాకొక్కనికే మిగిలినది.

ఇక పడమటి యొడ్డే శరణ్యము. కాని అచ్చట ఒడ్డనునది లేదు. శిఖము భూమి కలదు, అనగా నీరు తీసినకొలది బయటపడు మెత్తని బురద. మోకాలిలోతు దిగితిని, ఒక చెప్పు ఇప్పటికిని అచ్చటనే యున్నది. తూర్పు ఎర్రబడెనుగాని, సూర్యుడు కట్టను, కట్టమీది తుమ్మలను దాటి వచ్చునప్పటికి తెల్లని పళ్లెమయ్యెను. పోనిమ్ము, నీటిలోని ప్రతిబింబమైన దక్కునని మీట నొక్కబోవునంతలో ఒక బర్రె నెమ్మదిగా నీటిలోనికి దిగి సూర్యుని నూరు ముక్కలు చేసెను. ఈ గోడు విన్న సైన్సు మాస్టరుగారు, దిగంతమునంటి తోచు సూర్యుడు నిజమునకు ఇంకను దాని క్రిందనే యుండుననియు, గాలిపొరలు కిరణములను వంచుటచే పైకి కనబడుననియు చెప్పి నన్నోదార్చిరి. అనగా నేను చెప్పు పోగొట్టుకొన్నది అక్కడ లేని సూర్యునికొరకు!

అంతట బుద్ధిమంతుడనై, ఒక సాయంకాలము చక్కగా టీ త్రాగి, పొడికాళ్లతో కట్టమీద నిలిచి, అస్తమయమును పన్నెండు మార్లు తీసి, మేలైనదానిని పెద్దదిగా కడిగించి, అద్దము కట్టించి, క్రింద ‘ఉదయభానుడు’ అని వ్రాసి తగిలించితిని. నలుపు తెలుపులలో ఉదయమేది, అస్తమయమేది? వచ్చిన పెద్దలందరును మెచ్చిరి. ఒకరైతే ఆ పటమునుండి వేకువగాలి చల్లగా వీచుచున్నదని కండువా కప్పుకొనిరి.

ఒకనాడు ఏదో పనిమీద మా చెరువు నీరటి వచ్చెను. తూము తెరచుటలోను మూయుటలోను తల నెరసినవాడు. పటము ముందు చాలసేపు నిలిచి, “కట్టమీదికెల్లి దీసిండ్రా సారూ?” అని అడిగెను.

“ఔను, తెల్లవారుజామున,” అంటిని గర్వముగా.

“గట్లెట్లయితది సారూ? కట్టమీదికెల్లి నీళ్లదిక్కు జూస్తే పొద్దుగూకుడే అగుపడ్తది. పొద్దుపొడుపు గావాల్నంటే బురదల దిగాలె,” అని, నవ్వనైన నవ్వక, ఇచ్చిన టీ త్రాగి వెడలిపోయెను.

ఆ సాయంకాలమే క్యాలెండరు తన మేకును మరల అధిష్ఠించినది. అందలి సూర్యుడు ఏ సముద్రముమీదనో ఉదయించుచుండును. ఆ నీటికి కట్ట లేదు, కనుక నీరటియు లేడు.